నడిపి సైజు

"ఊపిరి బిగబట్టకే. మామూలుగా నిలబడు."

"మామూలుగానే నిలబడ్డాను అన్నయ్యా."

"మామూలుగా నిలబడితే ఇక్కడ గుడ్డ ఇలా లాగదు. పొద్దున్నే ఎన్ని బన్నులు తిన్నావేం?"

నడిపి నవ్వు ఆపుకుంది. నవ్వితే చంక కింద గుండుసూది గుచ్చుకుంటుంది. కురచ పీట మీద నిలబడి, చేతులు రెండూ పక్కలకు చాచి, ఎదురు గోడ మీద పెచ్చు ఊడిన చోటును చూస్తూ ఉంది. ఆ పెచ్చు ఒకప్పుడు పిల్లి తలంత ఉండేది. ఇప్పుడు తొండంతో సహా ఏనుగైంది. కొలతల కోసం ఈ పీట మీద నిలబడి నిలబడి, పిల్లి ఏనుగు కావడం ఆమె కళ్ళారా చూసింది.

అన్నయ్య నోట్లో సూదులు పట్టుకుని ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు. భుజం దగ్గర ఆగాడు. బొటనవేలితో కుట్టు మీద నొక్కి, దూరం జరిగి, ఒక కన్ను మూసి చూశాడు. గుడ్డ కోసేది ఆయనే. ఈ కుట్టుగదికి యజమానీ ఆయనే. ఆయన అలా ఒక కన్ను మూశాడంటే నచ్చిందన్న మాట.

"రాజాలా కూర్చుంది," అన్నాడు సూదుల మధ్య నుంచి.

"నేనా, చొక్కానా?"

"చొక్కా. నువ్వు కోతిలా నిలబడ్డావు. దిగు."

మిషను మీద వదిన పకపకా నవ్వింది. నడిపి పీట దిగింది. కాళ్ళకు నేల వెచ్చగా తగిలింది. కుట్టుగది కింది అంతస్తులో రొట్టెల బట్టీ ఉంది. కింద రొట్టెలు కాలుతుంటే పైన నేల కాగుతుంది. చలికాలం అందరూ చెప్పులు విప్పేసి పనిచేస్తారు. వేసవిలో మాత్రం కాలుగాలిన పిల్లుల్లా తిరుగుతారు. చొక్కాలన్నింటికీ ఆ వాసన పడుతుంది. కొత్త బట్టకు రొట్టె వాసనేమిటని ఒక కొట్టతను అడిగితే, "అదే మా మార్కు, మీకు వేరే ఎక్కడా దొరకదు," అని వదిన గంభీరంగా చెప్పింది. అతను నమ్మాడు కూడా.

ఇవాళ రెండు విశేషాలు. ఊరూరా కొట్లున్న పెద్ద బట్టల కంపెనీ నుంచి ఒకావిడ నమూనా చొక్కా చూడ్డానికి వస్తోంది. ఇన్నాళ్ళూ వీళ్ళు కుట్టిన చొక్కాల మెడ వెనక ఎవరెవరి పేర్లో ఉండేవి. ఆవిడ సరేనంటే, రేపటి నుంచి వీళ్ళ సొంత చీటీ ఉంటుంది. సూదీ దారం బొమ్మతో చిన్న తెల్ల చీటీ. నేయించి తెచ్చిన చీటీల పెట్టె అప్పుడే కిటికీ గట్టు మీద ఉంది. ఆవిడ కాదంటే ఆ పెట్టె మూత మళ్ళీ తెరవక్కర్లేదు. ఇలాంటి కంపెనీలు రెండోసారి తలుపు తట్టవు.

రెండో విశేషం, సాయంత్రం బస్సులో నడిపి వెళ్ళిపోతోంది. పెళ్ళయింది కదా మరి.

పెళ్ళయిందన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఎవరో అరికాలి మీద ఈకతో రాసినట్టు ఉంటోంది. జుట్టు నెరిశాక పెళ్ళేమిటని అనాల్సినవాళ్ళు అన్నారు. ఆమెకు అవి సరిగా వినబడలేదు. సంతకాలు పెట్టిన మర్నాడే ఆయన రేవు పట్నం వెళ్ళాడు, ఉద్యోగంలో చేరి ఇల్లు చూడ్డానికి. ఇల్లు దొరికిందని ఫోన్ చేసి, అద్దె సంగతీ గదుల సంగతీ ఏమీ చెప్పకుండా, "వంటింట్లోకి ఎండ వస్తుందండీ. రెండు కప్పులు కొన్నాను. ఒకటి నీలం. రెండోది ఏ రంగో నాకు తెలియడంలేదు, మీరు వచ్చి చెప్పాలి," అన్నాడు. ఆ మాటను ఆమె వారం రోజులుగా నాలుక కింద బెల్లం ముక్కలా దాచుకుని తిరుగుతోంది. ఏ రంగై ఉంటుంది?

"నడిపత్తా, మళ్ళీ గోడకేసి చూసి నవ్వుతున్నారు," అంది కోడలు, ఇస్త్రీ పెట్టె దగ్గర నుంచి. అన్నయ్య కొడుకు పెళ్ళాం. ఈ దేశంలోనే పుట్టి, చదువుకుని, ఇక్కడి భాష నీళ్ళు తాగినట్టు మాట్లాడుతుంది. కంపెనీ ఆవిడతో మాట్లాడి రప్పించింది ఆ పిల్లే.

"గోడ మీద ఏనుగుందే."

"ఏనుగు నీలం కప్పులో టీ తాగుతోందా?"

వదిన మిషను ఆపి మరీ నవ్వింది. కప్పుల సంగతి ఈ గదిలో అందరికీ తెలుసు. ఒక్క అన్నయ్యే తెలియనట్టు ఉంటాడు. నడిపి ట్రంకుపెట్టె కోతబల్ల కిందే ఉంది. పొద్దుట్నుంచి ఆయన కాలు దానికి తగులుతోంది. తగిలినప్పుడల్లా "ఈ పెట్టె ఎవరిది?" అంటున్నాడు.

*

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరు వేరే ఉంది. అది కాగితాల మీద తప్ప ఎవరూ వాడరు. అన్నయ్యకూ చెల్లెలికీ మధ్య పుట్టింది కనుక ఇంట్లో నడిపి. ఈ దేశం వచ్చాక నడిపి అన్నది సైజు కూడా అయింది.

వచ్చిన కొత్తలో వీళ్ళకు భాష రాదు. అన్నయ్యకు కత్తెర పట్టడం వచ్చు, వదినకూ ఆడపడుచులిద్దరికీ కుట్టడం వచ్చు. ఒక టోకు వ్యాపారి గుడ్డ తాను ఒకటి చేతిలో పెట్టి, ఆడవాళ్ళ చొక్కాలు కావాలంటూ మీడియం, మీడియం అని ఒకటికి రెండుసార్లు చెప్పి పంపాడు. అన్నయ్య ఆ మాటను దారంతా జపం చేసుకుంటూ వచ్చి, పక్క వాటాలో ఉండే ముసలాయన్ని అర్థం అడిగాడు. "పెద్దదీ కాదు, చిన్నదీ కాదు. నడిపిది," అన్నాడాయన.

"నడిపిదా! అది మా ఇంట్లోనే ఉందిగా!"

అన్నయ్య పరుగున వచ్చి, వంకాయలు తరుగుతున్న చెల్లెల్ని చెయ్యి పట్టి లేపి, టేపు పెట్టి కొలిచేశాడు. ఆమె చేతిలో వంకాయ అలాగే ఉంది. చిన్న చెల్లెలి ఒంటి కొలత చిన్న సైజు, పెళ్ళాం కొలత పెద్ద సైజు. ఆ వ్యాపారి చొక్కాలు చూసి తల ఊపి ఇంకో తాను ఇచ్చాడు. లోకంలో మీడియం అంటే నడిపే అని ఆ రోజు ఖాయమైపోయింది. తర్వాత్తర్వాత అసలు సంగతి తెలిసి కడుపుబ్బ నవ్వుకున్నారు గానీ, కొలత మాత్రం మార్చలేదు. బాగా నడుస్తున్నదాన్ని ఎవరు ముట్టుకుంటారు?

"అందరూ పెళ్ళాన్ని మహారాణి అంటారు," అని వదిన ఇప్పటికీ సాధిస్తుంది. "మీ అన్నయ్య ఈ దేశమంతటికీ నన్ను పెద్ద సైజని చాటించాడు."

చిన్నది పెళ్ళి చేసుకుని వేరే దేశం వెళ్ళింది. దాని కొలతలు అట్ట ముక్కలుగా మేకుకు మిగిలాయి. చిన్న సైజూ పెద్ద సైజూ ఎప్పుడోగానీ అడగరు. అడిగేదంతా నడిపిదే. అందుకని ఏటా ఒకసారి అన్నయ్య ఆమెను పీట ఎక్కించి, కొత్తగా కొలిచి, గుడ్డ కోయడానికి ఆనవాలుగా పెట్టుకునే అట్టలను మళ్ళీ కోస్తాడు. ఒక ఏడు ఆమె కింది బట్టీవాళ్ళు ఇచ్చిన బన్నులకు మరిగి ఒళ్ళు చేసింది. ఆ ఏడు ఊళ్ళో మీడియం చొక్కాలన్నీ నడుం దగ్గర వదులయ్యాయి. మరో ఏడు జ్వరపడి లేచింది. ఊరు ఊరంతా చిక్కింది.

ఒకసారి బస్సులో వెళ్తుంటే ముందు నిలబడ్డ అమ్మాయి వీపు ఎక్కడో చూసినట్టు అనిపించింది. ఎవరబ్బా అని చాలాసేపు ఆలోచించింది. తీరా చూస్తే అది తన వీపే. తన చొక్కా. ఆ అమ్మాయి ఏ ఉద్యోగానికి వెళ్తోందో, ఎవరిమీద కోపంగా ఉందో, తన భుజాల్లో తన మోచేతుల్లో దూరి వెళ్తోంది. నడిపికి ఎంత సంబరం వేసిందంటే, దిగాల్సిన చోట దిగడం మరిచిపోయింది.

ఇవి కాక ఆమె పని మూటలు. వ్యాను కొనకముందు గుడ్డల మూటలన్నీ బస్సు దిగి, ఎత్తు రోడ్డెక్కి, మెట్లెక్కి ఇంటికి చేర్చేది ఆమే. కుడిచేత్తో మెట్ల కమ్మీ పట్టుకోవాలి కనుక మూట ఎప్పుడూ ఎడం భుజం మీదే. బరువుగా ఉందని ఆమె ఎప్పుడూ అనలేదు, ఎందుకంటే మూట బరువుగా ఉందంటే పని దొరికిందన్న మాట. ఖాళీ భుజంతో మెట్లెక్కిన రోజులే ఇంట్లో ఎవరూ మాట్లాడుకోని రోజులు.

మిషన్లు బాగుచేయడానికి వచ్చే మెకానిక్‌కు వదిన నూనెడబ్బా అని పేరు పెట్టింది, అది ఆయన చెయ్యి వదలదు కనుక. ఆయన రాక మొదట్లో నెలకోసారి. తర్వాత వారానికోసారి. "మన మిషన్లకు ఏం రోగమొచ్చిందే, నువ్వు టీ పెట్టిన రోజే చెడిపోతున్నాయి?" అనేది వదిన. ఆయన రసమట్టం తీసి, అంటే గాజుగొట్టంలో నీటిబుడగ ఉండే ఆ చెక్కపట్టీ తీసి, మిషను బల్ల మీద పెట్టి, బుడగ నడిమధ్యకు వచ్చేదాకా కాళ్ళ కింద ముక్కలు సర్దేవాడు. మాటలు తక్కువ. ఒకరోజు టీ గ్లాసు అందుకుంటూ, బల్లను చూసినట్టే ఆమెను చూసి అన్నాడు.

"మీ ఎడం భుజం కాస్త దిగిందండీ."

"మూటలు మోసి."

"కొంత బరువు ఇంకెవరికైనా ఇవ్వాలి మరి." టీ అంతా తాగి, గ్లాసు కింద పెట్టి, నూనెడబ్బా చేతిలోకి తీసుకున్నాక మిగతా సగం అన్నాడు. "నాకిచ్చినా ఫరవాలేదు."

*

కంపెనీ ఆవిడ చెప్పినదానికంటే ముందే వచ్చింది. పొట్టి జుట్టు, తెల్ల బూట్లు, మెడలో వేలాడే కళ్ళజోడు. వెనక డ్రైవరు ఒక నిలువెత్తు బొమ్మను పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లెక్కాడు. తలా చేతులూ లేని ఆడమనిషి మొండెం, ఇనపకర్ర మీద. మీడియం సైజు ఆ కంపెనీకి అదేనట. చొక్కా దానికి సరిపోతే లోకానికి సరిపోయినట్టే.

ఆవిడ గాలి పీల్చి ఏదో అంది. "రొట్టె వాసన బాగుందంటోంది," అని కోడలు చెప్పింది. వదిన అన్నయ్యను మోచేత్తో పొడిచింది, చూశావా అన్నట్టు.

ఆవిడ చొక్కాను ముందు లోపలి వైపు తిప్పి చూసింది. కుట్లను గోటితో లాగి చూసింది. గుండీ కాజాలను వెలుతురుకెత్తి చూసింది. ముఖం విప్పారింది. నడిపి గోడకానుకుని నిలబడి, తనను పెళ్ళిచూపులు చూస్తున్నట్టు చెమటలు తుడుచుకుంది. చొక్కాను బొమ్మకు తొడిగి గుండీలు పెట్టారు.

ఎడం భుజం మీద ముడత పడింది.

కాలరు మొదట్లో మొదలై చంక దాకా, ఏటవాలుగా, గుడ్డ మిగిలి మడత పడింది. ఆవిడ చేత్తో నిమిరింది. పోయింది. చెయ్యి తీయగానే మళ్ళీ వచ్చింది. కుడివైపు అద్దంలా ఉంది.

ఆవిడ కోడలితో మాట్లాడుతుంటే మిగతా ముగ్గురూ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "కుట్టు పని చాలా నచ్చిందట మామయ్యా. కానీ ముడత ఉంటే ఒప్పుకోలేనంటోంది. ఈ వీధి చివర ఇంకో చోట పనుందట. బొమ్మ ఇక్కడే వదిలి వెళ్తుందట, తిరిగి వెళ్ళేటప్పుడు మళ్ళీ చూస్తానంటోంది. అప్పటికీ కుదరకపోతే..." కోడలు మిగతాది చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

తలుపు మూసుకోగానే వదిన భుజం కుట్టు విప్పేసింది. మళ్ళీ కుట్టింది. తొడిగారు. ముడత. అన్నయ్య కొత్త గుడ్డ తీసి, పోగు వాలు చూసి, అదే అట్ట పెట్టి ఇంకోటి కోశాడు. వదిన మిషను గుర్రంలా పరుగెత్తింది. తొడిగారు. అదే భుజం, అదే ముడత.

"నువ్వు వేసుకో," అన్నాడు అన్నయ్య.

నడిపి వేసుకుని పీటెక్కింది. భుజం మీద గుడ్డ మంచినీళ్ళలా జారి నిలిచింది. ఒక్క గీత లేదు.

"చూశారా! మనిషి మీద రాజాలా ఉంది. ఆ మోడు మీదే ఏడుస్తోంది. బొమ్మే వంకర!"

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అంది వదిన. "ఊరందరికీ సరిపోయే బొమ్మ మనకొచ్చేసరికి వంకర పోయిందా?"

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడై, నడిపి గుండె ముందు గొంతులోకి, తర్వాత చెవుల్లోకి వచ్చింది. నూనెడబ్బా తలుపులో నిలబడ్డాడు. కొత్త చొక్కా, తడిపి దువ్విన జుట్టు, భుజాన పనిముట్ల సంచి. ఆమెను తీసుకెళ్ళడానికి వచ్చాడు. అందర్నీ చూసి, మధ్యలో మొండేన్ని చూసి, బుర్ర గోక్కున్నాడు.

"బావగారూ, బస్సుకు..."

"బస్సు సంగతి తర్వాత. మీ రసమట్టం ఉందా మెకానిక్ గారూ?" అన్నాడు అన్నయ్య. పెళ్ళయినా ఆయన నోటికి ఇంకా బావ అన్న మాట రాలేదు. "ఈ బొమ్మ భుజాలు ఎంత వంకరో తేల్చండి. ఆవిడ రానీ, చెబుతా."

ఆయన సంచిలోంచి రసమట్టం తీసి, బొమ్మ మెడ వెనగ్గా రెండు భుజాల మీదా ఆనించాడు. అందరూ తలలు దగ్గర చేర్చి వంగి చూశారు. గాజుగొట్టంలో బుడగ కాస్త అటూ ఇటూ ఊగి, సరిగ్గా మధ్యలో ఆగింది.

నూనెడబ్బా బుడగను చూశాడు, పీట మీదున్న నడిపిని చూశాడు, మళ్ళీ బుడగను చూశాడు. ఆ చూపు చాలు. టీ గ్లాసు నాటి మాట ఆమెకు ఒక్కసారి గుర్తొచ్చింది.

"ఇలా ఇవ్వండి," అంది.

పీట మీదే నిలబడి, రసమట్టాన్ని తన మెడ వెనక, రెండు భుజాల మీదా పెట్టుకుంది. "బుడగ ఎటుందో చెప్పండి. నాకు కనబడదు."

బుడగ కుడివైపుకు పోయి, గొట్టం చివర అతుక్కుని కూర్చుంది.

"కుడికి, నడిపత్తా," అంది కోడలు మెల్లగా. "మొత్తం కుడికే."

నడిపికి నవ్వొచ్చింది. చంక కింద సూది లేదు ఇప్పుడు. హాయిగా, బిగ్గరగా నవ్వింది. "బొమ్మ వంకర కాదన్నయ్యా. లోకమంతటికీ మీడియాన్ని నేను, నేనే వంకర!"

అన్నయ్య నవ్వలేదు. కోతబల్ల అంచు మీద కూర్చుండిపోయాడు. బల్ల మీద తన చేత్తోనే కోసిన అట్ట ఉంది. ఎడం భుజం కోత మీద వేలు పెట్టి, మెల్లగా మెడ నుంచి చివరిదాకా రాశాడు. కుడి భుజం మీద పెట్టి రాశాడు.

"ఇది ఎప్పుడు దిగిందే?"

"ఒక్కరోజులో దిగుతుందా? ఏటా కాస్త."

"నాకు కనబడలేదు."

"కనబడకపోతే అట్ట ఎలా కోశావు? నీ కత్తెరకు కనబడింది. నీకు చెప్పలేదు, అంతే."

వదిన ముక్కు చీదుకుంది. అన్నయ్య ఆ వేలు అట్ట మీంచి తీయలేదు. నడిపి పీట దిగి వచ్చి, ఆయన చెవి వెనక పెట్టుకున్న సుద్దముక్క తీసి చేతిలో పెట్టింది.

"ఆవిడ వచ్చేస్తుంది. లే. నా కుడి భుజం బాగానే ఉందిగా? దాన్నే బోర్లించి ఎడంవైపు కోసెయ్."

ఆ మాటతో గదిలోకి ప్రాణం వచ్చింది. అన్నయ్య కొత్త అట్ట పరిచి, కుడి సగం గీసి, తిరగేసి రెండో సగం గీశాడు. కత్తెర కరకరమంది. "నన్ను నిలబెట్టండి మామయ్యా," అంటూ కోడలు చెప్పులు విదిలించి పీటెక్కింది. నిటారుగా, సమంగా, ఇంకా ఏ మూటా ఎక్కని భుజాలు. వదిన చేతులు కుట్టింది, నడిపి కాలరు కుట్టింది. నూనెడబ్బాకు గుండీలు అందించే పని అప్పజెప్పారు. ఆయన ఒక్కో గుండీనీ నూనె వేయాలా అన్నట్టు తిప్పి చూసి ఇస్తున్నాడు.

"త్వరగా ఇవ్వండి. అది బేరింగు కాదు," అంది నడిపి.

"చిత్తమండీ."

"ఏమే నడిపీ, పెళ్ళై నెల కాలేదు, అప్పుడే మొగుణ్ణి కసురుతున్నావు!" అని వదిన సంబరపడిపోయింది.

"కసరలేదు. చిన్నగా చెప్పాను." చెవులు ఎర్రబడ్డాయి. అసలు ఆయన్ని ఏమని పిలవాలో ఆమె ఇంకా తేల్చుకోలేదు. మెకానిక్ గారూ అంటే కొత్తవాడిలా ఉంది, ఏమండీ అనబోతే నవ్వొస్తోంది. అందుకని దగ్గరకు వెళ్ళి చొక్కా అంచు లాగి మాట్లాడుతోంది.

పీట మీద కోడలు చేతులు చాచి, ఎదురు గోడను చూసింది. "అయ్యో, నడిపత్తా! నిజంగానే ఏనుగుంది!"

చివరి గుండీకి దారం తెంపుతుంటే కింద కారు ఆగింది. ఆఖరి క్షణంలో వదిన పెట్టెలోంచి ఒక చీటీ తీసి మెడ వెనక కుట్టేసింది. "ఒప్పుకోకపోతే?" అంది కోడలు. "విప్పడం నాకు రాదనుకున్నావా?" అంది వదిన.

ఆవిడ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుంది. బొమ్మకు తొడిగిన చొక్కా చుట్టూ ఒకసారి తిరిగింది. ఎడం భుజం దగ్గర ఆగి, బొటనవేలితో కుట్టు మీద నొక్కి, దూరం జరిగి, ఒక కన్ను మూసింది.

నడిపి అన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఈ దేశంలోనూ ఒక కన్ను మూశారంటే అదే అర్థం!

ఆవిడ మెడ వెనక చీటీని తిప్పి చూసి, సూదీ దారం బొమ్మ మీద వేలు పెట్టి, నవ్వి, ఒక మాట అంది. కోడలు అనువదించడం మరిచిపోయి గాల్లోకి ఎగిరింది. వదిన కోడల్ని కౌగిలించుకుంది. కింది బట్టీవాళ్ళు పైకప్పు కూలుతోందేమోనని కర్రతో పొడిచారు. నూనెడబ్బా ఏం చేయాలో తోచక డ్రైవరుతో కరచాలనం చేశాడు.

*

కారు వెళ్ళాక గది ఒక్కసారిగా సద్దుమణిగింది. కిటికీలోంచి ఏటవాలు ఎండ మిషన్ల మీద పడింది. నడిపి చేతులు కడుక్కుంది. బల్ల కింద నుంచి ట్రంకుపెట్టె లాగింది. ఈసారి అన్నయ్య ఎవరిదని అడగలేదు. మొదట కుట్టిన చొక్కా, ముడత పడిన చొక్కా తీసి మిషను దగ్గర తనే కూర్చున్నాడు. మిషను తొక్కి చాలా ఏళ్ళయింది, కుట్టు కాస్త అటూ ఇటూ పోయింది. మెడ వెనక సూదీ దారం చీటీ వేసి, దారం పళ్ళతో తెంపాడు.

"ఇది అమ్మడానికి పనికిరాదు," అన్నాడు. "లోకంలో నీ ఒక్కదానికే సరిపోతుంది."

ఆమె పైబట్ట మీద అప్పటికప్పుడే తొడుక్కుని గుండీలు పెట్టుకుంది. ఒక్క గీత లేదు.

"పొద్దున్నే కోతి అన్నావు."

"ఇప్పుడూ అంతే. చొక్కా బాగుంది." ఆయన నూనెడబ్బా వైపు తిరిగి, "బావా," అన్నాడు. "దాని చేత బరువులు మోయించకు."

"అప్పుడే చెప్పానండీ ఆవిడకు," అన్నాడాయన, ట్రంకుపెట్టెను తన భుజం మీదకు ఎత్తుకుంటూ.

కోడలు కళ్ళు తుడుచుకుంటూనే, "రెండో కప్పు ఏ రంగో ఫోన్ చేసి చెప్పండి," అంది. వదిన కింది నుంచి తెచ్చిన వేడి బన్నుల పొట్లం చేతిలో కుక్కింది. నడిపి ఆయన వెనక మెట్లు దిగింది. కుడిచెయ్యి అలవాటుగా కమ్మీ పట్టుకుంది. ఎడం భుజం మీద ఏమీ లేదు. కొన్ని మెట్లు దిగాక ఆమె కమ్మీ వదిలేసి, ముందు నడుస్తున్నాయన చొక్కా అంచు పట్టుకుంది. మలుపు తిరిగాక కూడా ఆమె నవ్వు వినబడింది. తర్వాత వీధి తలుపు మూసుకుంది.

పైన వదినా కోడలూ దీపాలు వేసి రేపటి గుడ్డ పరిచారు. అన్నయ్య కొత్త అట్టలకు బెజ్జం వేసి, గోడన ఉన్న మేకు దగ్గరకు వెళ్ళాడు. పాత అట్టను తీసి, చిత్తుగుడ్డల బుట్ట దాకా పట్టుకెళ్ళి, అక్కడే నిలబడ్డాడు. వదిన చూసీ చూడనట్టు మిషను తొక్కింది. ఆయన వెనక్కి వచ్చి, కోతబల్లకు ఎదురుగా, తల ఎత్తితే కనబడే చోట ఇంకో మేకు కొట్టాడు.

కింద బట్టీ మళ్ళీ రాజుకుంది. నేల నుంచి లేచిన వెచ్చటి గాలికి పాత అట్ట, అంచులు చేతి జిడ్డుకు నల్లబడి, ఎడం భుజం కాస్త దించుకుని, మేకు మీద మెల్లగా ఊగుతూ ఉంది.